ఆకూ వేరూ రక్తపోటూ



నేను బెంగళూరులో సైన్సు పాఠాలు చెప్పుకునే బడిపంతుల్ని. డాక్టర్ని కాను, వైద్యుణ్ణి అంతకంటే కాను. అయినా మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడల్లా, పిల్లల మార్కుల మాట అయిపోయాక, ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. “అయ్యవారూ, మీరు సైన్సు చదివినవారు కదా, ఈ పొడి వాడితే బీపీ మాత్ర మానేయొచ్చా?” అని. కొందరు కన్నడంలో అడుగుతారు, కొందరు తెలుగులో అడుగుతారు. భాష మారుతుంది గాని ప్రశ్న మారదు. కోలారు నుంచి, చిక్కబళ్ళాపురం నుంచి, ఇటు హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి, అటు హోసూరు నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన కుటుంబాలు వాళ్ళవి. ప్రతి ఇంట్లోనూ ఊరి నుంచి తెచ్చుకున్న ఒక వేరో, ఒక చూర్ణమో, ఒక కషాయం పొట్లమో ఉంటుంది.

ఆ ప్రశ్నకు ఈ పావుగంటలో నాకు తెలిసినంతవరకు జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆ జవాబు నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు, మా అమ్మ దగ్గర నేర్చుకున్నది.

మా అమ్మ బాగేపల్లి వైపు పల్లెలో ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఆమెకు రక్తపోటు ఉందని తేలింది. డాక్టరు రోజుకొక మాత్ర రాశారు. అమ్మ క్రమం తప్పకుండా వేసుకునేది. రక్తపోటు అదుపులోకి వచ్చింది. రెండు నెలలు గడిచాక పొడిదగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, రాత్రిళ్ళు మాత్రం గొంతు గీరుకుపోయేలా దగ్గు. “చలికాలం కదా నాయనా, పోతుందిలే” అంది. నాకు మనసు ఒప్పలేదు. బెంగళూరు మార్కెట్టు వీధిలో మూలికలు అమ్మే అంగడికి వెళ్ళి, పావు కిలో అతిమధురం వేర్లు కొని తీసుకెళ్ళి ఇచ్చాను. దాన్నే కన్నడంలో జ్యేష్ఠమధు అంటారు. గొంతుకు హాయిగా ఉంటుందని మా తాతల కాలం నుంచి వాడుతున్నదే.

అమ్మకు ఆ తీపి నచ్చింది. పగలంతా ఒక ముక్క బుగ్గన పెట్టుకునేది, రాత్రి కషాయం కాచుకునేది. అయిపోయినప్పుడల్లా నేనే మళ్ళీ తెచ్చిపెట్టాను. అలా మూడు నెలలు. ఆ తర్వాత ఆమె పాదాలు వాచాయి. రక్తపోటు చూపిస్తే 170/100 ఉంది. మాత్ర సరిపోవడం లేదనుకుని, ఒంట్లో నీరు తగ్గించే ఇంకో మాత్ర కలిపారు. వాపు కొంత తగ్గింది గాని, కాళ్ళలో సత్తువ పోయింది. గడప దాటడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. “ముసలితనం వచ్చేసింది నాయనా” అంది. నేనూ అదే అనుకున్నాను.

చివరికి ఒక డాక్టరమ్మ రక్తంలో పొటాషియం పరీక్ష చేయించారు. అది బాగా తక్కువగా ఉంది. ఆమె మందుల చీటీ పక్కన పెట్టి, అమ్మ వైపు తిరిగి, “ఇంకేమి తింటున్నావమ్మా?” అని అడిగారు. “మందులేమీ లేవు తల్లీ. ఊరికే అతిమధురం నములుతా ఉంటాను. అది మందా ఏంది?” అంది అమ్మ.

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. ఆ వేరు ఆపించారు. అంతేకాదు, దగ్గు మొదలైంది ఎప్పుడని అడిగి, మొదటి రక్తపోటు మాత్రను కూడా మార్చారు. అది ఎనలాప్రిల్ జాతి మాత్ర. ఆ జాతి మాత్రలు కొందరిలో పొడిదగ్గు తెప్పిస్తాయి. అంటే ఏమైందో చూడండి. మాత్ర వల్ల దగ్గు వచ్చింది. దగ్గు కోసం వేరు వచ్చింది. వేరు వల్ల రక్తపోటు పెరిగింది. పెరిగిన పోటు కోసం ఇంకో మాత్ర వచ్చింది. ఆ మాత్రా, వేరూ కలిసి పొటాషియాన్ని తోడేసి కాళ్ళను పడగొట్టాయి. ఈ గొలుసులో ఒక కొక్కెం నేను నా చేత్తో తగిలించాను. కొన్ని వారాలకు అమ్మ మామూలు మనిషయింది. నాకు మాత్రం ఆ పావు కిలో వేర్ల బరువు ఇంకా భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

ఇక విషయానికి వద్దాం. రక్తపోటు అంటే ఏమిటి?

మన వైపు రైతులకు ఇది చెప్పడం సులభం. బోరు మోటారు ఉంది, పైపులున్నాయి, చివర డ్రిప్పు గొట్టాలున్నాయి. మోటారు మన గుండె. పైపులు రక్తనాళాలు. నీళ్ళు పైపు గోడలను నెట్టే బలమే పోటు. గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పటి బలం పై అంకె. గుండె విశ్రాంతిగా ఉన్నప్పటి బలం కింది అంకె. ఆస్పత్రిలో వేరువేరు రోజుల్లో కొలిచినప్పుడు పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, లేదా అంతకు మించి గాని ఉంటే అధిక రక్తపోటు అంటారు.

ఈ పోటు పెరగడానికి మూడు దారులున్నాయి. మోటారు ఎక్కువ జోరుగా తిరగడం ఒకటి. పైపు ఇరుకు కావడం రెండోది. పైపులో నీళ్ళు ఎక్కువ కావడం మూడోది. డాక్టర్లిచ్చే మాత్రలు కూడా ఈ మూడు దారుల్లోనే పనిచేస్తాయి. కొన్ని గుండె జోరు తగ్గిస్తాయి. కొన్ని నాళాలను వెడల్పు చేస్తాయి. కొన్ని ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేస్తాయి. ఈ మూడు దారులను గుర్తుపెట్టుకోండి. మూలికల సంగతి చెప్పుకునేటప్పుడు ఇవే మనకు పనికొస్తాయి.

పోటు ఎక్కువైతే పైపు ఒక్క రోజులో పగలదు. ఏళ్ళ తరబడి గోడలు దెబ్బతింటాయి. ఆఖరికి మెదడులో పగిలితే, లేదా మూసుకుపోతే, పక్షవాతం. గుండె నాళాల్లో అయితే గుండెపోటు. మూత్రపిండాలు కూడా మెల్లగా చెడతాయి. ఇందులో మోసం ఏమిటంటే, చాలామందికి ఏ బాధా తెలియదు. తల తిరగదు, నొప్పి ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు ఉందని అందులో తేలింది. అంటే ముగ్గురు కూర్చున్న అరుగు మీద ఒకరికి ఉన్నట్టే లెక్క.

బాధ తెలియని జబ్బుకు మాత్ర వేసుకోవడం మనసుకు కష్టం. “బాగానే ఉన్నాను కదా, రోజూ ఈ మాత్రలెందుకు” అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ఎవరో ఒకరు వచ్చి, “ఇది చెట్టుమందు, దీనికి చెడు లేదు” అంటారు. ఆ మాట వినడానికి తియ్యగా ఉంటుంది.

మరి చెట్టుమందుతో రక్తపోటు తగ్గదా? తగ్గుతుంది. ఈ మాట నేను కాదు, చరిత్రే చెబుతోంది. ఆ చరిత్రకు మన బెంగళూరుతో సంబంధం ఉంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

సర్పగంధి అని ఒక చిన్న మొక్క. దాన్నే పాతాళగంధి అని కూడా అంటారు. గుబురుగా మోకాటి ఎత్తు పెరుగుతుంది. దాని వేరును మన దేశంలో పాము కాటుకు, పిచ్చికి, నిద్రలేమికి తరతరాలుగా వాడారు. 1931లో రెండు పనులు జరిగాయి. ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే రసాయన శాస్త్రవేత్త ఆ వేరులోని సారాన్ని విడదీసి, ఒక పదార్థానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పేరుపెట్టారు. అదే ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని ఒక వైద్య పత్రికలో రాశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1930లో, మహమ్మద్ మనాల్ అనే ఆయన డెహ్రాడూన్‌లో హిమాలయ డ్రగ్ కంపెనీ స్థాపించారు. బర్మాలో మావటివాళ్ళు చిరాకు పడిన ఏనుగులకు ఒక వేరు తినిపించి శాంతపరచడం ఆయన చూశారనీ, దాంతో ఆసక్తి పుట్టిందనీ ఆ సంస్థ వారు చెప్పుకుంటారు. 1934లో సర్పగంధితో సర్పినా అనే మాత్ర వారి దగ్గర నుంచి వచ్చింది. ఆ సంస్థే తర్వాత మన బెంగళూరు చేరి, 1975లో తుమకూరు రోడ్డు మీది మాకళిలో ఫ్యాక్టరీ పెట్టింది. తుమకూరు బస్సెక్కి వెళ్ళేవాళ్ళు ఆ దారిన పోయే ఉంటారు.

1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధిని రక్తపోటు ఉన్న 50 మందికి ఇచ్చి, ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. అప్పుడు ప్రపంచం ఇటు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరులో అసలు పనిచేసే పదార్థాన్ని విడదీసి రిసర్పిన్ అని పేరుపెట్టారు. 1956లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వుడ్‌వర్డ్ దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసి చూపించారు. వకీల్‌గారికి 1957లో అమెరికా వారి లాస్కర్ పురస్కారం వచ్చింది.

ఇంకొక గొప్ప సంగతి ఉంది. రక్తపోటును మందులతో తగ్గిస్తే నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అని చాలాకాలం వైద్యులకే అనుమానం. ఆ అనుమానం తీరింది 1967లో. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో, పోటు బాగా ఎక్కువగా ఉన్న 143 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మూడు మందులు కలిపి ఇచ్చారు. రెండో గుంపుకు మందులేని ఉత్త మాత్రలిచ్చారు. ఉత్త మాత్రల గుంపులో పక్షవాతం వంటి ప్రమాదాలు ఎంత ఎక్కువగా జరిగాయంటే, ఆ పరీక్షను ముందే ఆపవలసి వచ్చింది. మందులు తీసుకున్నవారిలో అవి చాలా తక్కువ. ఆ మూడు మందుల్లో ఒకటి రిసర్పిన్, మన సర్పగంధి సారం. రక్తపోటుకు మందు వేసుకుంటే మనిషి బతుకుతాడని లోకానికి రుజువు చేసిన మందుల్లో మన చెట్టుదీ ఒక పాలు ఉంది. దీనికి మనం గర్వపడవచ్చు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. సర్పగంధి ఎలా పనిచేస్తుందో చూడండి. మన నరాల చివర్లలో చిన్న చిన్న గాదెలుంటాయి. గుండెకు జోరు పెంచమనీ, నాళాలను బిగించమనీ చెప్పే పదార్థాలు ఆ గాదెల్లో నిల్వ ఉంటాయి. రిసర్పిన్ ఆ గాదెలు నిండకుండా చేస్తుంది. గాదె ఖాళీ అయితే ఆజ్ఞలు వెళ్ళవు, మోటారు నెమ్మదిస్తుంది, పైపు సడలుతుంది, పోటు తగ్గుతుంది. కాని అటువంటి గాదెలే మెదడులోనూ ఉన్నాయి. ఉత్సాహానికి, సంతోషానికి పనికొచ్చే పదార్థాలు కూడా అక్కడే నిల్వ ఉంటాయి. అవీ ఖాళీ అవుతాయి. 1950లలో పెద్ద మోతాదుల్లో ఆ మందు వాడిన కొందరు తీవ్రమైన దిగులులో పడిపోయారని వైద్యులు గమనించారు. ముక్కు దిబ్బడ, కడుపులో పుండ్లు, గుండె మరీ నెమ్మదించడం కూడా చూశారు. అందువల్ల మోతాదు బాగా తగ్గించారు. తర్వాత మెరుగైన మందులు రావడంతో దాని వాడుక వెనుకబడింది.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి? సర్పగంధి పనిచేసింది, కాబట్టే చెడు కూడా చేసింది. ఒంట్లో ఏదో ఒకదాన్ని మార్చే శక్తి ఉన్న పదార్థం, అది వేరు నుంచి వచ్చినా ఫ్యాక్టరీ నుంచి వచ్చినా, కావలసినదాన్నీ మారుస్తుంది, అక్కర్లేనిదాన్నీ మారుస్తుంది. “పనిచేస్తుంది గాని ఏ చెడూ చేయదు” అని ఎవరైనా చెబితే, ఆ రెండు మాటల్లో ఒకదాన్ని అనుమానించాలి.

ఇంకొకటి కూడా ఉంది. మాత్రలో మందు ఎంత ఉందో అట్ట మీద రాసి ఉంటుంది. వేరులో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? ఏ నేలలో పెరిగింది, ఎన్నేళ్ళ మొక్క, ఏ కాలంలో తవ్వారు అన్నదాన్ని బట్టి సారం మారిపోతుంది. ఈ నెల చెంచా పొడికీ వచ్చే నెల చెంచా పొడికీ పొంతన ఉండదు. పైగా ఈ మొక్కను విపరీతంగా తవ్వేయడం వల్ల అడవిలో అరుదైపోయింది. 1990 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో దాని మీద నియంత్రణ ఉంది. అరుదైన సరుకులో కల్తీ కలవడం మామూలే కదా.

ఇప్పుడు మళ్ళీ అతిమధురం దగ్గరకు వద్దాం. మా అమ్మకు అది ఏం చేసింది?

మన మూత్రపిండాల్లో ఉప్పును ఒంట్లోనే ఉంచమని చెప్పే ఒక తాళం ఉంటుంది. ఆ తాళానికి తగిన తాళంచెవి అల్డోస్టిరాన్ అనే హార్మోను. అది కొంచెమే ఉంటుంది. కాని కార్టిసాల్ అనే మరో హార్మోను కూడా ఆ తాళానికి పడుతుంది. అది ఒంట్లో చాలా ఎక్కువ. అందుకే అక్కడ కార్టిసాల్‌ను అడ్డుకునే ఒక కాపలాదారు ఉంటాడు. బడి గేటు దగ్గర వాచ్‌మన్ లాగా. అతిమధురంలోని తీపి పదార్థం, దాని పేరు గ్లిసిరైజిన్, ఆ కాపలాదారుణ్ణి పడగొడుతుంది. ఇక కార్టిసాల్ లోపలికి వచ్చి తాళం తిప్పుతూనే ఉంటుంది. ఉప్పు ఒంట్లో నిలుస్తుంది, ఉప్పుతోపాటు నీరు నిలుస్తుంది, పొటాషియం బయటికి పోతుంది. నేను చెప్పిన మూడో దారి ఇదే, పైపులో నీళ్ళు పెరగడం. పోటు పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి, కండరాలు బలహీనపడతాయి. పొటాషియం మరీ తగ్గితే గుండె లయ కూడా తప్పుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1946లోనే రేవర్స్ అనే డచ్చి వైద్యుడు కడుపు పుండ్లకు అతిమధురం ఇస్తే పుండ్లు నయమయ్యాయి గాని కొందరికి ఒళ్ళు వాచిందని రాశారు. నలభై ఏళ్ళు దాటినవారు రోజుకు సుమారు 57 గ్రాముల అతిమధురం మిఠాయి రెండు వారాలు తింటే గుండె లయ తప్పి ఆస్పత్రి పాలు కావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఎప్పుడో గొంతు నొప్పికి రెండు రోజులు ఒక ముక్క నమిలితే భయపడవలసిన పని లేదు. రోజూ, నెలల తరబడి, అందులోనూ రక్తపోటు ఉన్నవారు వాడటమే ప్రమాదం. దగ్గు లేహ్యాల్లో, గొంతు మాత్రల్లో కూడా ఇది ఉంటుంది. అట్ట మీద యష్టిమధు అని రాసి ఉంటుంది. చూసి కొనండి.

పోటు పెంచే మూలికల్లో మరొకటి ఎఫిడ్రా. చైనా వైద్యంలో దగ్గుకు, ఆయాసానికి వాడేవారు. అది మోటారు జోరు పెంచుతుంది, పైపును బిగిస్తుంది. ఒళ్ళు తగ్గించే మూలికా మాత్రలుగా అమెరికాలో తెగ అమ్మారు. పక్షవాతాలు, గుండెపోట్లు, చావులు బయటపడ్డాక, 2004లో అటువంటి మాత్రల్లో దాన్ని నిషేధించారు. “ఒళ్ళు తగ్గుతుంది, మూలికలే” అన్న ప్రకటన చూసినప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

మరి మన వంటింటి సరుకుల మాటేమిటి? వెల్లుల్లి సంగతి చెబుతాను. రక్తపోటు ఉన్నవారిలో వెల్లుల్లి మాత్రలు పోటును కొద్దిగా తగ్గించినట్టు కొన్ని పరీక్షల్లో కనబడింది. కొద్దిగా అన్న మాట గమనించండి. అది మాత్రకు బదులు కాదు. ఇక రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు వెల్లుల్లి మాత్రలు కలిపితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. కూరలో నాలుగు రెబ్బలు వేసుకుంటే తప్పు లేదు. గుప్పెళ్ళ కొద్దీ మింగేవారు, మాత్రలుగా వాడేవారు డాక్టరుకు చెప్పాలి. ఆపరేషను ముందు తప్పనిసరిగా చెప్పాలి.

ఇక గోంగూర. మనలో కొందరు పుంటికూర అంటారు, కన్నడంవారు పుండి సొప్పు అంటారు. ఎర్ర గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఎర్రటి పుల్లని రేకులుంటాయి. వాటిని ఎండబెట్టి టీ కాచుకునే అలవాటు చాలా దేశాల్లో ఉంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు 2010లో ప్రకటించిన పరీక్షలో, పోటు కొంచెం ఎక్కువగా ఉన్న 65 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఆ టీని రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగింది. వారిలో పై అంకె సగటున 7 దాకా తగ్గింది. ఉత్త రంగునీళ్ళు తాగిన గుంపులో ఒకటి మాత్రమే తగ్గింది.

ఇది విని, రేపటి నుంచి గోంగూర పచ్చడి రెండింతలు తినవచ్చని అనుకోకండి. పరీక్ష జరిగింది ఎండిన రేకుల టీ మీద. అందులో ఉప్పు లేదు. మన పచ్చడి ఆకుతో చేసేది, నిల్వ ఉండటానికి ఉప్పు దండిగా వేస్తాం. గోంగూర ఇచ్చే మేలు ఏమైనా ఉంటే, ఉప్పు దాన్ని తినేస్తుంది. రోజు మొత్తానికి మనిషికి ఉప్పు 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే దాదాపు ఒక టీచెంచా. అన్నంలో, సంగటిలో, సాంబారులో, ఊరగాయలో, అప్పడంలో, చిరుతిళ్ళలో కలిపి అంతే. పైసా ఖర్చు లేకుండా పోటు తగ్గించే చెట్టుమందు కావాలని అడిగేవారికి నేను ముందు ఊరగాయ జాడీ వైపు చూపిస్తాను.

ఇప్పుడు పొట్లాల సంగతి. పేరు ఊరు లేని పొడులు, జాతరల్లో, బస్టాండుల్లో అమ్మేవి, చేతిలో పెట్టి పంపేవి. వాటిలో ఏముందో మనకు తెలియదు. 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. బోస్టన్ నగరం చుట్టుపక్కల దుకాణాల్లో దొరికిన 70 ఆయుర్వేద సరుకులను పరీక్షిస్తే, 14 సరుకుల్లో సీసం గాని, పాదరసం గాని, పాషాణం గాని బయటపడింది. సీసం ఒంట్లో చేరితే మూత్రపిండాలు చెడతాయి, రక్తపోటు పెరుగుతుంది. తగ్గాలని తిన్నది పెంచుతుందన్నమాట. దీనివల్ల ఆయుర్వేదమంతా చెడ్డదని కాదు. 70లో 56 సరుకుల్లో ఆ లోహాలు కనబడలేదు కదా. ఏది మంచిదో కంటితో చూసి చెప్పలేమన్నదే సమస్య.

మన ప్రభుత్వం కూడా దీనికి చట్టం చేసింది. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం కొన్ని జబ్బులను నయం చేస్తామని మందులను ప్రజలకు ప్రకటించడం నేరం. ఆ జబ్బుల పట్టికలో రక్తపోటు కూడా ఉంది. కాబట్టి “వంద రోజుల్లో బీపీ శాశ్వతంగా మాయం” అనే గోడ రాతను చూసినప్పుడు, ఆ రాతే చట్టానికి విరుద్ధమని తెలుసుకోండి.

అయితే మూలికలను గౌరవించే పద్ధతే లేదా? ఉంది. బెంగళూరులోనే, యలహంక దగ్గర, 1993లో మొదలైన స్థానిక ఆరోగ్య సంప్రదాయాల సంస్థ ఒకటుంది. మూలికలను గుర్తించడం, పెంచడం, భద్రపరచడం వారి పని. నాటువైద్యుల తెలివిని శాస్త్రం పక్కన కూర్చోబెట్టి పరిశీలిస్తారు. చదువుకున్న ఆయుర్వేద వైద్యులు మన జిల్లాల్లో ఉన్నారు. వారి దగ్గరకు వెళ్ళండి. వెళ్ళినప్పుడు, వేసుకుంటున్న ఇంగ్లీషు మాత్రల చీటీ కూడా తీసుకెళ్ళండి.

ఇక చివరగా, నన్ను అడిగేవారికి నేను చెప్పే నాలుగు మాటలు మీకూ చెబుతాను.

మొదటిది. రక్తపోటు మాత్ర సొంతంగా ఆపకండి. కొన్ని రకాల మాత్రలు ఉన్నట్టుండి ఆపితే పోటు ముందుకంటే పైకి ఎగురుతుంది. మాత్ర పడకపోతే, దగ్గు వచ్చినా, కాళ్ళు వాచినా, తల తిరిగినా, వెళ్ళి చెప్పండి. మాత్రలు చాలా రకాలున్నాయి, మారుస్తారు. మా అమ్మకు దగ్గు వచ్చిన రోజే నేను ఆమెను వేర్ల అంగడికి బదులు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి ఉంటే, మిగతా కథే ఉండేది కాదు.

రెండోది. “ఏమేమి మందులు వాడుతున్నారు” అని డాక్టరు అడిగితే, మాత్రలు మాత్రమే చెప్పకండి. ఆకు, వేరు, పొడి, కషాయం, లేహ్యం, నొప్పుల మాత్రలు, అన్నీ చెప్పండి. పేరు తెలియకపోతే పొట్లమే చేతబట్టుకుని వెళ్ళండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. తిడతారేమోనని దాచకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

మూడోది. కొలిపించుకోండి. ఒంట్లో ఎలా ఉందో చూసి పోటు చెప్పలేం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొలుస్తారు, మాత్రలు కూడా ఉచితంగా ఇస్తారు. దేశంలో రక్తపోటు అదుపు పథకం ఒకటి 2017 నుంచి నడుస్తోంది. కొలిపించుకునే ముందు అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోండి. అరగంట ముందు నుంచి కాఫీ, బీడీ, సిగరెట్టు వద్దు. పాదాలు నేల మీద ఆన్చి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టండి. బస్సు దిగి పరుగున వచ్చి కొలిపించుకుంటే అది మీ పోటు కాదు, బస్సు పోటు.

నాలుగోది. ఉప్పు తగ్గించండి, నడవండి, పొగాకు మానండి, సారాయి తగ్గించండి. పాత మాటలే. కాని వీటికి కల్తీ లేదు, మోతాదు భయం లేదు.

మా అమ్మ ఇప్పుడు బాగుంది. పెరట్లో తులసి, మునగ, కరివేపాకు పెంచుతూనే ఉంది. ఆమె మంచం పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. అందులో మాత్రలు, మాత్రలతోపాటు ఒక చిన్న నోటుబుక్కు. వేసుకునే మాత్రల పేర్లు, కాచుకునే కషాయాల పేర్లు, ఎప్పుడు ఎంత పోటు ఉందో ఆ అంకెలు, అన్నీ అందులో నేను రాసిపెట్టాను. ఎడమ పేజీలో తెలుగులో, కుడి పేజీలో కన్నడంలో. ఏ ఊరి డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు ఆ పుస్తకం బల్ల మీద పెట్టి కూర్చుంటుంది. ఎవరైనా కొత్త వేరు తెచ్చిస్తే, “ముందు పుస్తకంలో రాయించు నాయనా, ఆ డాక్టరమ్మను అడిగి తింటాను” అంటుంది.

మీ ఇంట్లో కూడా అటువంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. బడికి వెళ్ళే పిల్లలుంటే వాళ్ళ చేతనే రాయించండి. వాళ్ళకు దస్తూరీ కుదురుతుంది, పెద్దవాళ్ళకు మేలు జరుగుతుంది.